గుంటకు కట్టిన కంచె ఇంటికీ కట్టుకుందాం

ఈశాన్య ఋతుపవనాలు మొదలయ్యాయంటే నెల్లూరు తీరంలో వాన వెంట జ్వరాలూ వస్తాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ముసురు పట్టినప్పుడు కిటికీలు మూసుకుని ఇంటిల్లిపాదీ ఒకే గదిలో సర్దుకుంటారు. మస్జిద్‌లోనూ వరండాలో నిలబడేవారు లోపలికి వచ్చి ఒత్తుగా నిలబడతారు. ఆటోలకు పట్టాలు దించుతారు. ఇంట్లో ఒకరికి తుమ్ము మొదలైతే నాలుగు రోజుల్లో నలుగురూ మంచమెక్కుతారు. “వానాకాలం జ్వరమే కదా, అదే పోతుంది” అని మనం తేలిగ్గా తీసుకుంటాం.

చాలామందికి అది నిజంగానే వారం రోజుల్లో పోతుంది. అందరికీ పోదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ఫ్లూ కారణంగా ఏటా 30 నుంచి 50 లక్షల మంది తీవ్రంగా జబ్బుపడుతున్నారు. 2 లక్షల 90 వేల నుంచి 6 లక్షల 50 వేల మంది దాకా శ్వాసకోశ సమస్యలతో మరణిస్తున్నారు. వీరిలో ఎక్కువమంది వృద్ధులు, పసిపిల్లలు, గర్భిణులు, షుగరు, ఉబ్బసం, గుండెజబ్బు ఉన్నవారు. అంటే పనికి పోయి వచ్చిన కొడుకు మూడు రోజుల్లో లేచి తిరుగుతాడు. అతని నుంచి అదే జ్వరం అంటుకున్న తల్లి లేవకపోవచ్చు. ఈ పాఠంలో మనం చెప్పుకోవలసింది ఈ తేడా గురించే.

గుంట నేర్పిన పాఠం

ఇందుకూరుపేట, తోటపల్లిగూడూరు, ముత్తుకూరు, విడవలూరు, అల్లూరు వైపు రొయ్యల గుంటలు చూడనివారు ఉండరు. 1994-95లో తెల్లమచ్చల తెగులు ఆంధ్ర తీరంపై పడి టైగర్ రొయ్యల సాగును ఎలా దెబ్బతీసిందో పెద్దవారికి గుర్తుండే ఉంటుంది. అది కూడా వైరస్సే. గుంటలోకి ప్రవేశించిందంటే మూడు నుంచి పది రోజుల్లో మొత్తం పంటను తుడిచిపెట్టగలదు. దానికి మందు లేదు. మందు లేని తెగులును ఎదుర్కోవాలంటే రాకుండా చూసుకోవడం ఒక్కటే దారి అని రైతు నేర్చుకున్నాడు.

అప్పటి నుంచి అతను ఏమి చేస్తున్నాడో చూడండి. గుంట చుట్టూ పీతలు రాకుండా కంచె కడతాడు. కాకులు, కొంగలు వాలకుండా పైన తాళ్ళు లాగుతాడు. పి.సి.ఆర్. పరీక్ష చేయించిన పిల్లనే కొని వదులుతాడు. ఒక గుంటలో వాడిన వలను, బకెట్టును ఇంకో గుంటలో ముంచడు. 2009లో వనామీ రకం సాగుకు అనుమతి వచ్చినప్పటి నుంచి విదేశాల తల్లి రొయ్యలను నేరుగా హేచరీకి పంపడం లేదు. చెన్నై నీలాంకరైలోని క్వారంటైన్ కేంద్రంలో వేరుగా ఉంచి, పరీక్షించిన తర్వాతే బయటికి వదులుతున్నారు.

అన్నిటికంటే ముఖ్యమైన కట్టుబాటు ఇంకొకటి ఉంది. తెగులు వచ్చిన గుంట నీటిని బ్లీచింగుతో శుద్ధి చేయకుండా కాలువలోకి వదలకూడదు. ఎందుకంటే ఆ కాలువ నుంచే పక్క రైతు తన గుంటకు నీళ్ళు తోడుకుంటాడు. రాత్రికి రాత్రి తెగులు నీళ్ళు కాలువలోకి వదిలిన మనిషిని ఊరు క్షమించదు. “నా గుంట, నా నీళ్ళు, నా ఇష్టం” అంటే ఎవరూ ఒప్పుకోరు.

రొయ్యల తెగులు మనుషులకు రాదు, దానికీ ఫ్లూకూ సంబంధం లేదు. కానీ రెండింటికీ నీతి ఒక్కటే. జ్వరంతో, దగ్గుతో నలుగురి మధ్యకు వెళ్ళి కూర్చునే మనిషి తెగులు నీటిని ఉమ్మడి కాలువలోకి వదిలిన రైతు లాంటివాడే. గుంట విషయంలో మనకు ఇంత స్పష్టంగా తెలిసిన ధర్మం ఇంటి విషయంలో ఎందుకు గుర్తుకు రాదు?

ఫ్లూ ఎలా వస్తుంది, ఎలా పాకుతుంది?

ఫ్లూ అంటే ఇన్‌ఫ్లుయెంజా అనే వైరస్ వల్ల వచ్చే జ్వరం. మామూలు పడిశంలో ముక్కు కారుతుంది, ఒళ్ళు కొంచెం వెచ్చబడుతుంది. ఫ్లూ మాత్రం ఉన్నట్టుండి మీద పడుతుంది. ఎక్కువ జ్వరం, వణుకు, ఒళ్ళు విరిచేసే నొప్పులు, తలనొప్పి, పొడిదగ్గు, గొంతునొప్పి వస్తాయి. జ్వరం వారంలోపు తగ్గినా దగ్గు, నీరసం రెండు వారాల దాకా ఉండవచ్చు.

దగ్గినప్పుడు, తుమ్మినప్పుడు, బిగ్గరగా మాట్లాడినప్పుడు నోటి నుంచి వచ్చే తుంపర్ల ద్వారా వైరస్ ఎదుటివారి ముక్కు, నోరు, కళ్ళలోకి చేరుతుంది. గాలి ఆడని గదిలో ఈ ప్రమాదం మరీ ఎక్కువ. తలుపు గడియ, కుళాయి తిప్పు, సెల్‌ఫోను, గ్లాసు వంటి నున్నటి వస్తువులపై వైరస్ ఒకటి రెండు రోజులు కూడా బతికి ఉండగలదు. వాటిని ముట్టుకుని ఆ చేతితోనే ముక్కో కన్నో రుద్దుకుంటే అది లోపలికి పోతుంది.

వైరస్ సోకిన తర్వాత ఒకటి నుంచి నాలుగు రోజుల్లో లక్షణాలు కనిపిస్తాయి. అయితే లక్షణాలు మొదలు కావడానికి ఒక రోజు ముందు నుంచే ఆ మనిషి ఇతరులకు అంటించగలడు. మొదలైన తర్వాత అయిదు నుంచి ఏడు రోజుల దాకా అంటిస్తాడు. మొదటి మూడు నాలుగు రోజులు మరీ ప్రమాదం. పిల్లలైతే ఇంకా ఎక్కువ రోజులు అంటించగలరు.

ఈ వైరస్ ఏటా కొద్దికొద్దిగా రూపం మార్చుకుంటుంది. ఎప్పుడో ఒకసారి పూర్తిగా కొత్త రూపంలో వచ్చి ప్రపంచాన్ని చుట్టేస్తుంది. 1918లో ఓడల ద్వారా బొంబాయికి చేరి రైలు దారుల వెంట దేశమంతా పాకిన ఇన్‌ఫ్లుయెంజాకు భారతదేశంలోనే కోటి మందికి పైగా బలయ్యారని చరిత్రకారుల అంచనా. 2009లో స్వైన్ ఫ్లూ వచ్చినప్పుడు మన దేశంలో తొలి కేసు ఆ ఏడాది మే నెలలో హైదరాబాదులో బయటపడింది. ఫ్లూ కాకపోయినా అదే దారుల్లో పాకే కొవిడ్ విషయంలో, ఆంధ్రప్రదేశ్‌లోని తొలి కేసు 2020 మార్చి 12న మన నెల్లూరులోనే నమోదైంది. ఎక్కడో దూరాన ఉన్న వ్యాధి మన గుమ్మం దాకా రావడానికి ఎక్కువ కాలం పట్టదు.

కోళ్ళ ద్వారా వచ్చే ఫ్లూ కూడా మనకు కొత్త కాదు. 2024 ఫిబ్రవరిలో మన జిల్లాలోని పొదలకూరు మండలం చాటగుట్లలో, కోవూరు మండలం గుమ్మళ్ళదిబ్బలో కోళ్ళు చనిపోగా, భోపాల్‌లోని ప్రయోగశాల బర్డ్ ఫ్లూ అని నిర్ధారించింది. మనుషులకు ఇది అరుదుగానే సోకుతుంది, కానీ సోకితే ప్రాణాంతకం. 2025 మార్చిలో పల్నాడు జిల్లాలో ఒక చిన్నారి దీనితో మరణించింది. కోడిమాంసం బాగా ఉడికించి తింటే భయం లేదు. పచ్చిమాంసం ముట్టిన చేతులు సబ్బుతో కడగాలి. పచ్చిముక్క పిల్లల నోట పెట్టకూడదు. చచ్చిపడిన కోళ్ళను, పక్షులను ఉత్త చేతులతో తాకకూడదు.

ధర్మం ఏమంటుంది?

“అంటువ్యాధి అనేది లేదని హదీసులో ఉంది కదా, రాసిపెట్టి ఉన్నదే వస్తుంది కదా” అని కొందరు సోదరులు అంటుంటారు. ఆ హదీసు ఉన్నమాట నిజమే. వ్యాధి దైవాజ్ఞతో నిమిత్తం లేకుండా తనంత తానే అంటుకుంటుందన్న అజ్ఞానకాలపు నమ్మకాన్ని అది ఖండిస్తుందని పండితులు వివరించారు. ఎందుకంటే కుష్ఠువ్యాధి విషయంలో దూరం పాటించమని కూడా దైవప్రవక్త (సఅసం) చెప్పారు. జబ్బుపడిన ఒంటెలను ఆరోగ్యంగా ఉన్న ఒంటెల దగ్గరకు తోలుకు రావద్దని వాటి యజమానులను ఆదేశించారు. రొయ్యల రైతు గుంటల మధ్య పాటిస్తున్న కట్టుబాటుకూ దీనికీ ఏమైనా తేడా ఉందా? సఖీఫ్ తెగ ప్రతినిధులతో వచ్చిన ఒక కుష్ఠురోగిని ఆయన (సఅసం) దగ్గరకు పిలవలేదు. అతని ప్రమాణం స్వీకరించామని, ఇక తిరిగి వెళ్ళవచ్చని కబురు పంపారు. అందులో దూరం ఉంది, కానీ అవమానం లేదు. ఆ మనిషికి దక్కవలసిన గౌరవం దక్కింది.

ప్లేగు ఉన్న ఊరికి వెళ్ళవద్దని, ఉన్న ఊళ్ళో ప్లేగు వస్తే అక్కడి నుంచి పారిపోవద్దని కూడా ఆయన (సఅసం) బోధించారు. హజ్రత్ ఉమర్ (రజి) సిరియాకు బయలుదేరి సర్గ్ అనే చోటికి చేరినప్పుడు అక్కడ ప్లేగు ఉందని తెలిసి వెనుదిరగాలని నిర్ణయించారు. దైవ నిర్ణయం నుంచి పారిపోతున్నారా అని హజ్రత్ అబూ ఉబైదా (రజి) అడిగారు. ఒక దైవ నిర్ణయం నుంచి మరొక దైవ నిర్ణయం వైపే వెళ్తున్నామని ఉమర్ (రజి) బదులిచ్చారు. ఒంటెలు మేపేవాడు ఎండిన లోయను వదిలి పచ్చని లోయకు తోలినా అదీ దైవ నిర్ణయమే కదా అని వివరించారు. ఆ తర్వాత అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) వచ్చి ప్లేగు గురించిన ప్రవక్త (సఅసం) మాటను వినిపించారు. జాగ్రత్త పడడం విశ్వాసానికి వ్యతిరేకం కాదని ఈ సంఘటన తేటతెల్లం చేస్తుంది. ముందు ఒంటెను కట్టి, ఆ తర్వాత అల్లాహ్‌పై భారం వేయాలి.

ఎదుటివారికి హాని చేయరాదన్నది మన ధర్మంలో ఒక మూలసూత్రం. మన జ్వరానికి మనం బాధ్యులం కాము. దాన్ని తెలిసి తెలిసి పక్కవారికి పంచితే మాత్రం బాధ్యులమే.

ఇంట్లో

1. దగ్గు, తుమ్ము వచ్చినప్పుడు నోటికి, ముక్కుకు గుడ్డో మోచేతి మడతో అడ్డం పెట్టుకోవాలి. ప్రవక్త (సఅసం) తుమ్మినప్పుడు చేయో వస్త్రమో ముఖానికి అడ్డం పెట్టుకుని, శబ్దం తగ్గించేవారని హదీసుల్లో ఉంది. పిల్లలకు దీన్ని సున్నత్‌గా నేర్పితే జీవితాంతం మరచిపోరు. అరచేతిలో దగ్గితే వెంటనే కడుక్కోవాలి.

2. చేతులు సబ్బుతో కనీసం 20 సెకన్లు, వేళ్ళ సందులు, గోళ్ళ కింద రుద్ది కడగాలి. రోజుకు అయిదుసార్లు వుజూ చేస్తున్నాం కదా, సబ్బు ఎందుకని అనుకోవద్దు. వుజూ మనల్ని నమాజుకు సిద్ధం చేస్తుంది, శుభ్రతను అలవాటు చేస్తుంది. జిడ్డుతో పట్టుకుని ఉన్న వైరస్‌ను వదలగొట్టేది సబ్బు. కుళాయి దగ్గర ఒక సబ్బుబిళ్ళ పెట్టుకుంటే రెండూ నెరవేరతాయి.

3. జబ్బుపడిన వారికి వీలైతే వేరే గది ఇవ్వాలి. ఉన్నది ఒకే గది అయితే వారి పక్కను కిటికీ దగ్గర వేయాలి. మిగతావారికి రెండు గజాల దూరం ఉండేలా చూడాలి. అంత చోటు లేకపోతే ఒకరి తల ఉన్నవైపు మరొకరి కాళ్ళు ఉండేలా పడుకోవాలి. వాన జల్లు పడని వైపు కిటికీ తెరిచే ఉంచాలి.

4. సేవ చేయడానికి ఆరోగ్యంగా ఉన్న ఒక్కరినే నియమించుకోవాలి. సాధారణంగా ఈ భారం కోడలి మీదో కూతురి మీదో పడుతుంది. ఆమె గర్భిణి అయితే ఆ పని మరొకరు తీసుకోవాలి. దగ్గరకు వెళ్ళినప్పుడు రోగి, సేవ చేసేవారు ఇద్దరూ మాస్కు కట్టుకోవడం మంచిది.

5. రోగికి కంచం, గ్లాసు, తువ్వాలు వేరుగా ఉండాలి. ఒకే పళ్ళెంలో కలిసి తినడం మన ఇళ్ళలో ప్రేమకు గుర్తు. జ్వరం తగ్గేదాకా ఆ ప్రేమను వేరే పళ్ళెంలో వడ్డిద్దాం. తాగే పాత్రలోకి ఊపిరి వదలవద్దని ప్రవక్త (సఅసం) వారించిన సంగతి గుర్తుంచుకుందాం.

6. దాదీ, నానీల దగ్గరకు, పసిబిడ్డల దగ్గరకు జ్వరం ఉన్నవారు వెళ్ళకూడదు. బిడ్డను ముద్దాడకూడదు. పాలిచ్చే తల్లికే ఫ్లూ వస్తే పాలు మాన్పించనవసరం లేదు. మాస్కు కట్టుకుని, చేతులు కడుక్కుని ఇవ్వవచ్చు.

7. గంజి, రసం, మజ్జిగ, కొబ్బరినీళ్ళు ధారాళంగా ఇవ్వాలి. విశ్రాంతి ముఖ్యం. తేనె, కలోంజీ వాడుకునేవారు వాడుకోవచ్చు గానీ వైద్యానికి బదులుగా కాదు. ఏడాది నిండని బిడ్డకు తేనె నాకించడం ప్రమాదం. ఆవిరి పడితే కాస్త ఉపశమనం కలుగుతుందే గాని వైరస్ చావదు. మరిగే నీళ్ళ గిన్నెను పిల్లల దగ్గర పెట్టకూడదు.

మస్జిద్‌లో

జ్వరంతోనే జమాఅత్‌కు రావడాన్ని కొందరు భక్తిగా భావిస్తారు. ఉల్లి, వెల్లుల్లి పచ్చిగా తిని ఆ వాసనతో మస్జిద్‌కు రావద్దని ప్రవక్త (సఅసం) చెప్పారు. పక్కవాడికి వాసన ఇబ్బందే వద్దన్నప్పుడు వ్యాధి మాటేమిటి? చలి, వాన ఎక్కువగా ఉన్న రాత్రుల్లో ఇళ్ళలోనే నమాజు చేసుకోమని అజాన్‌తో పాటు ప్రకటింపజేసిన సందర్భాలు హదీసుల్లో ఉన్నాయి. తమ చివరి అస్వస్థతలో ప్రవక్త (సఅసం) హజ్రత్ అబూబక్ర్ (రజి)ను ఇమామత్ చేయమన్నారు. 2020లో కొవిడ్ విజృంభించినప్పుడు ప్రపంచమంతటా మస్జిద్‌లు మూతపడ్డాయి. ఆ ఏడాది హజ్‌కు కూడా చాలా కొద్దిమందినే అనుమతించారు.

జబ్బువల్ల ఇంట్లో ఉండిపోయిన వ్యక్తి పుణ్యం కోల్పోతాడా? కోల్పోడు. ఆరోగ్యంగా ఉన్నప్పుడు చేస్తూ వచ్చిన సత్కార్యాల పుణ్యం అస్వస్థతలోనూ అతని ఖాతాలో రాయబడుతుందని ప్రవక్త (సఅసం) శుభవార్త ఇచ్చారు. కనుక జ్వరం రోజుల్లో ఇంట్లో చేసుకున్న నమాజు లోటు కాదు. అది పక్కవారి పట్ల చూపిన దయ.

మస్జిద్ కమిటీలు కొన్ని పనులు సులువుగా చేయవచ్చు. వుజూ చేసేచోట సబ్బు ఉంచాలి. అందరూ తుడుచుకునే ఒకే తువ్వాలును తీసేయాలి. బుట్టలో పెట్టే ఉమ్మడి టోపీలకు బదులు ఎవరి టోపీ వారు తెచ్చుకోమని చెప్పాలి. ముసురులో కూడా రెండు వైపులా కిటికీలు కొంచెం తెరిచి గాలి ఆడనివ్వాలి. వ్యాధి ప్రబలిన రోజుల్లో కరచాలనం, ఆలింగనం బదులు నోటితో సలాం చాలని ఇమామ్‌గారు జుమా ప్రసంగంలో ఒక్క మాట చెబితే ఎవరూ నొచ్చుకోరు. మదర్సా హాస్టళ్ళలో జ్వరం వచ్చిన పిల్లవాడిని వేరే గదిలో ఉంచి, తల్లిదండ్రులకు కబురు చేయాలి.

పనిచోట

ఇంట్లో జాగ్రత్తలు చెప్పడం తేలిక. అసలు చిక్కు పనిచోట వస్తుంది. రొయ్యల ప్లాంట్లలో చల్లటి హాళ్ళలో పక్కపక్కనే నిలబడి తలలు తీసే, పొట్టు తీసే ఆడవాళ్ళు తీర గ్రామాల నుంచి కిక్కిరిసిన వ్యాన్లలో వస్తారు. మైపాడు, జువ్వలదిన్నె వంటి చోట్ల వేటకు వెళ్ళేవారు ఒకే పడవలో ఒకే నీళ్ళ క్యాను తాగుతారు. పట్టణంలో టైలరు షాపులు, మెకానిక్ షెడ్లు, హోటళ్ళు, బట్టల కొట్లలో పనిచేసేవారికి రోజు కూలి పోతే ఆ రోజు పొయ్యి వెలగదు. “జ్వరం వస్తే ఇంట్లో ఉండు” అని వీరికి చెప్పి ఊరుకుంటే అది సగం పాఠమే అవుతుంది. ఇంట్లో ఉండగలిగే వీలు ఎవరు కల్పిస్తారు?

ముందుగా పనివారు చేయగలిగింది చూద్దాం. జ్వరం మొదలైన రోజే యజమానికి చెప్పాలి, దాచిపెట్టకూడదు. మందు వేసుకోకుండానే 24 గంటలు జ్వరం లేకపోతే అప్పుడు పనికి వెళ్ళవచ్చు. ఆ తర్వాత మరి నాలుగయిదు రోజులు మాస్కు కట్టుకోవాలి. నీళ్ళ సీసా ఎవరిది వారు తెచ్చుకోవాలి. గ్లవ్స్ తీసిన వెంటనే, టీ తాగే ముందు, భోజనం ముందు చేతులు కడగాలి. గ్లవ్స్ వేసుకున్న చేత్తో ముక్కు రుద్దుకుంటే గ్లవ్స్ వల్ల లాభం లేదు. ఆటోలో, వ్యాన్‌లో పట్టా కొంచెమైనా తెరిచి ఉంచాలి.

ఇ.ఎస్.ఐ.లో నమోదైనవారు తమ హక్కును తెలుసుకోవాలి. నిర్ణీత చందా షరతులు నెరవేరితే, డాక్టరు ధ్రువీకరణతో ఏడాదిలో 91 రోజుల దాకా వేతనంలో 70 శాతం అనారోగ్య భృతి లభిస్తుంది. అయితే సాధారణంగా జబ్బు మొదటి రెండు రోజులకు ఆ భృతి రాదు. ఫ్లూ ఎక్కువగా అంటించేది సరిగ్గా ఆ మొదటి రోజుల్లోనే. చిన్న దుకాణాల్లో, పడవల్లో, గుంటల దగ్గర పనిచేసేవారిలో చాలామందికి ఆ మాత్రం ఆధారమూ ఉండదు.

ఇక్కడే యజమానుల పరీక్ష మొదలవుతుంది. పనివారు మీ సోదరులని, వారి శక్తికి మించిన భారం మోపవద్దని, మోపవలసి వస్తే మీరూ చేయి వేయాలని ప్రవక్త (సఅసం) ఆదేశించారు. జ్వరంతో ఉన్న మనిషికి ఎనిమిది గంటలు నిలబడడం శక్తికి మించిన భారం కాదా? నలుగురు పనివాళ్ళున్న దుకాణదారు జబ్బుపడిన ఒక్కరికి మూడు రోజుల కూలి ఇచ్చి ఇంటికి పంపితే మూడు కూళ్ళు ఖర్చవుతాయి. పంపకపోతే వారంలో నలుగురూ మంచమెక్కి దుకాణమే మూతపడవచ్చు. లెక్క చూసినా, ధర్మం చూసినా దారి ఒక్కటే. గుంటలో ఏరియేటరు ఆగితే అర్ధరాత్రి పరుగెత్తే మనం పనిమనిషి దగ్గితే ఎందుకు కదలం?

యజమాని ఇవ్వలేని చోట మహల్లా ముందుకు రావాలి. రోగిని పరామర్శించడం ముస్లిముకు ముస్లిముపై ఉన్న హక్కుల్లో ఒకటి. ఫ్లూ రోజుల్లో పదిమంది వెళ్ళి మంచం చుట్టూ కూర్చోవడం పరామర్శ కాదు. గుమ్మం దగ్గర అన్నం క్యారియరు పెట్టి, ఫోనులో మాట్లాడి, మూడు రోజుల కూలి మొత్తాన్ని గుట్టుగా చేతికి అందేలా చూడడం అసలైన ఇయాదత్. పొరుగువారు ఏ మతం వారైనా ఈ హక్కు వారికీ ఉంది.

ఇంకొక మాట కూడా చెప్పుకోవాలి. జబ్బుపడినవారిని వేలెత్తి చూపితే జబ్బు దాక్కుంటుంది. “ఆ ఇంటి నుంచే వచ్చింది” అనే మాట ఎవరి గురించి పుట్టినా అక్కడే ఆపాలి. భయపడిన మనిషి జ్వరాన్ని దాచుకుని జనంలో తిరుగుతాడు.

టీకా, మందులు, ప్రమాద సూచనలు

ఫ్లూకు టీకా ఉంది. వైరస్ రూపం మార్చుకుంటుంది కనుక ఏటా వేయించుకోవాలి. ఆరు నెలలు దాటిన పిల్లల నుంచి పెద్దల దాకా వేయించుకోవచ్చు. వృద్ధులు, గర్భిణులు, షుగరు, ఉబ్బసం, గుండె, మూత్రపిండాల జబ్బులున్నవారు, ఆసుపత్రుల్లో పనిచేసేవారు తప్పక డాక్టరును అడగాలి. టీకా పనిచేయడం మొదలుపెట్టడానికి సుమారు రెండు వారాలు పడుతుంది. అందువల్ల ముసురు పట్టక ముందే వేయించుకోవడం మంచిది. ఇంటి ఖర్చు చూసుకుని అందరికీ వేయించలేకపోతే ముందు అమ్మానాన్నలకు వేయించండి.

యాంటీబయాటిక్ మాత్రలు ఫ్లూ వైరస్‌పై పనిచేయవు. మందుల షాపులో అడిగి తెచ్చుకుని రెండు రోజులు మింగి మానేస్తే లాభం ఉండదు, రేపు నిజంగా అవసరమైనప్పుడు అవి పనిచేయకుండా పోయే ప్రమాదం మాత్రం ఉంటుంది. జ్వరానికి పారాసిటమాల్ తగిన మోతాదులో చాలు. ముసురు రోజుల్లో డెంగీ, మలేరియా కూడా ఇలాగే మొదలవుతాయి కనుక యాస్పిరిన్, ఇబుప్రొఫెన్ వంటివి సొంతంగా వాడకూడదు. పిల్లలకు యాస్పిరిన్ అసలే ఇవ్వకూడదు. ఫ్లూ వైరస్‌పై పనిచేసే ఓసెల్టమివిర్ అనే మందు ఉంది. లక్షణాలు మొదలైన 48 గంటల్లోపు ఇస్తే ఎక్కువ ఫలితం ఉంటుంది. ప్రమాదం ఎక్కువగా ఉన్నవారు జ్వరం మొదలైన రోజే డాక్టరు దగ్గరకు వెళ్ళాలనడానికి ఇదే కారణం.

ఈ కింది వాటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి: ఊపిరి ఆడకపోవడం, ఛాతీలో నొప్పి, పెదవులు నీలిరంగుకు తిరగడం, మాట తడబడడం లేదా మగతగా పడి ఉండడం, మూత్రం బాగా తగ్గిపోవడం, తగ్గిన జ్వరం మళ్ళీ తీవ్రంగా రావడం. పసిపిల్లలైతే పాలు తాగకపోవడం, డొక్కలు ఎగరేస్తూ ఊపిరి తీయడం, లేపినా సరిగా లేవకపోవడం. రాత్రయినా, వాన పడుతున్నా 108కు ఫోను చేయాలి. ప్రతి వ్యాధికీ అల్లాహ్ చికిత్సను కూడా ఇచ్చాడని, వైద్యం చేయించుకోమని ప్రవక్త (సఅసం) చెప్పిన మాట మనకు ఆదేశమే.

ముగింపు

పంట పోతే రైతు మళ్ళీ పిల్ల వదులుకోగలడు. ఇంట్లో పెద్దదిక్కు పోతే తెచ్చుకోలేం. అయినా గుంటకు పెట్టినంత కాపలా ఇంటికి పెట్టడం లేదు. పీతలకు కట్టే కంచె ఖర్చుతో పోలిస్తే సబ్బుబిళ్ళ, మాస్కు, తెరిచిన కిటికీ ఖర్చు ఎంత? మూడు రోజుల విశ్రాంతి మాత్రం కొందరికి నిజంగా ఖరీదైనదే. ఆ ఖరీదును జబ్బుపడిన పేదవాడు ఒక్కడే మోయకుండా యజమాని, ఇరుగుపొరుగు, మస్జిద్ కలిసి మోయడమే ఈ పాఠం మన నుంచి కోరుతున్నది.

ఇంటిల్లిపాదీ కూర్చుని ఈ ప్రశ్నలను చర్చించుకోండి:

* మన ఇంట్లో ఫ్లూ వల్ల ఎక్కువ ప్రమాదం ఎవరికి? వారికి టీకా వేయించామా?
* ఎవరికైనా జ్వరం వస్తే వారిని ఎక్కడ పడుకోబెడతాం? సేవ ఎవరు చేస్తారు?
* మన దగ్గర పనిచేసేవారు జ్వరం వచ్చిందని భయం లేకుండా మనతో చెప్పగలరా?
* మన మహల్లాలో మూడు రోజుల కూలి పోతే ఇబ్బందిపడే ఇళ్ళు ఎన్ని? వారికి మనం ఏం చేయగలం?

మన ఇళ్ళను, మన పొరుగువారి ఇళ్ళను అల్లాహ్ కాపాడుగాక! జబ్బుపడినవారికి సంపూర్ణ స్వస్థత ప్రసాదించుగాక! మనవల్ల ఎవరికీ హాని కలగని జీవితాన్ని మనకు అనుగ్రహించుగాక! ఆమీన్.